పై వరసలో కూర్చుని చూడండి

ఈ మధ్య మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక ప్రశ్న వేశారు. పిల్లలు ఐస్ హాకీ చూస్తామని పోరు పెడుతున్నారట. ఏడాదికి ఒక్క డాలస్ స్టార్స్ మ్యాచ్ చూపిస్తే చాలనుకుంటున్నారట. ఏ మ్యాచ్‌కి వెళ్తే బాగుంటుంది, రింక్ చుట్టూ ఉండే గ్లాస్ పక్కన సీట్లు ఏ మాత్రం ఉంటాయి అని అడిగారు. గంట తిరక్కుండా జవాబులు వరస కట్టాయి. ఎడ్మంటన్ టీమ్ వచ్చినప్పుడు వెళ్తే వాళ్ళ పెద్ద స్టార్ మెక్‌డేవిడ్‌ని చూడొచ్చని ఒకరు, కొలరాడో అయితే అరీనా దద్దరిల్లిపోతుందని ఇంకొకరు. ఎలాగూ ఒక్కసారే కాబట్టి ఖర్చుకి వెనకాడకుండా కిందే కూర్చోమని చివరికి అందరూ కలిసి తేల్చారు.

నాది దీనికి పూర్తిగా ఎదురు మాట. ఒక్కసారే వెళ్ళేటట్లయితే ఆ డబ్బు ఇంకో పనికి వాడుకోండి. వెళ్ళేటట్లయితే అన్నిటికన్నా పైన, 300 నంబర్ల సెక్షన్లలో టికెట్ తీసుకోండి. పేరున్న టీమ్ వచ్చే శనివారం వద్దు, ఎవరికీ పట్టని మంగళవారం మ్యాచ్ చూసుకోండి. నచ్చినా నచ్చకపోయినా కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళండి. వీలైతే అదే వైపు కూర్చోండి. గ్లాస్ పక్కన ఒక్క రాత్రికి అయ్యే ఖర్చుతో పైన చాలా రాత్రులు గడుస్తాయి. ఎదుటి టీమ్‌ని బట్టి, వారాన్ని బట్టి టికెట్ ధర మారుతుంది కాబట్టి చిన్న మ్యాచ్‌లు ఇంకా చవక. అయితే నేను చెబుతున్నది పొదుపు గురించి కాదు. డబ్బుకి లోటు లేనివాళ్ళకైనా నేనిదే చెబుతాను. గ్రూపులో రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను గానీ మనసొప్పక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గ్లాస్ పక్కన

గ్లాస్ పక్క సీటుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మా ఆయన ఆఫీసులో ఎవరో ఇచ్చిన టికెట్లతో ఒకసారి అక్కడ కూర్చున్నాం. ఇద్దరు ఆటగాళ్ళు మా ముందే గోడకేసి కొట్టుకుంటే ఆ అదురు మా కాళ్ళ దాకా వచ్చింది. స్కేటు బ్లేడు ఐసుని కోసుకుంటూ పోయే చప్పుడు, హెల్మెట్ కింద నుంచి కారే చెమట, వాళ్ళలో వాళ్ళు అరుచుకునే అరుపులు అన్నీ తెలుస్తాయి. ఇంత వేగంగా, ఇంత బరువుగా కదిలే మనుషుల్ని అంత దగ్గర నుంచి చూడటం మామూలు విషయం కాదు. మా వాడు వారం రోజులు అదే కథ చెప్పాడు.

ఆ రాత్రే ఇంకొకటి కూడా గమనించాను. ఆట అవతలి మూలకి వెళ్ళిందంటే చాలు, మా వరసలో వాళ్ళంతా తలలెత్తి మధ్యలో వేలాడే పెద్ద స్క్రీన్ వైపు చూస్తున్నారు. రింక్ పొడవు రెండు వందల అడుగులు. మధ్యలో ఆటగాళ్ళు, రిఫరీలు, లైన్స్‌మెన్ అడ్డు. అవతలి చివర పక్ అనే ఆ మూడంగుళాల రబ్బరు బిళ్ళ ఏమైపోయిందో నేల మట్టం నుంచి ఎవరికీ కనపడదు. మొత్తం ఆటలో మన మూలకి వచ్చిన భాగం మాత్రం కళ్ళతో చూస్తాం, మిగతాదంతా స్క్రీన్ మీద చూస్తాం. స్క్రీన్ మనింట్లోనూ ఉంది.

పైన కనపడేది

పైనుంచి పక్ ఇంకా చిన్నగా కనపడుతుంది కదా అంటారు. నిజమే, కొత్తలో అసలు కనపడదు. కనపడకపోవడమే మంచిది. అప్పుడు చూపు పక్ మీద నుంచి మనుషుల మీదకి పోతుంది. ఈ ఆట అర్థమయ్యేది మనుషుల్ని చూస్తేనే.

ఇది నాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న రోజుల్లో ఆయన్నీ ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి, చూపు కాస్త మందగించింది, ఐసు మీద ఆట అనేది ఎన్నడూ చూసి ఎరగరు. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో కబడ్డీ బాగా ఆడేవారని మా అత్తయ్యగారు చెబుతుంటారు. మూడు పీరియడ్ల ఆటలో మొదటి పీరియడ్ సగం అయ్యేదాకా ఆయన నోరు విప్పలేదు. శాలువా కప్పుకుని ముందుకు వంగి కూర్చున్నారు. విసుగొస్తోందేమో, చలేస్తోందేమో అని నాకు బెంగగా ఉంది. అప్పుడు నా చెయ్యి తట్టి, "అమ్మాయీ, చూశావా, వీళ్ళు దమ్ము ఉండగానే బయటికొచ్చేస్తున్నారు. అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే. ఒక్కణ్ణీ పిలుస్తున్నట్టు కనపడదే!" అన్నారు.

పక్ ఎక్కడుందో ఆయనకి తెలియదు. గోల్ పడితే హారన్ మోగాకే తెలుసుకున్నారు. కానీ ఈ ఆటకి ప్రాణమైన సంగతి అరగంటలో పట్టేశారు. ఒక్కో ఆటగాడు ఐసు మీద ఉండేది ఇంచుమించు నలభై అయిదు సెకన్లు. ఆ కాసేపూ ఉన్న బలమంతా పెట్టి స్కేట్ చేసి, ఆట ఆగకుండానే గోడ దూకి బెంచి మీదకి వచ్చేస్తాడు, ఇంకొకడు దూకి ఐసు మీదకి వెళ్తాడు. ఎప్పుడు రావాలన్నదే అసలు తెలివి. పక్‌ని అవతలి వాళ్ళ మూలకి తోసేసిన క్షణంలో రావాలి. ఒక్క క్షణం ముందొస్తే అవతలివాళ్ళకి దారి ఇచ్చినట్టే, ఆలస్యమైతే కాళ్ళు ఆడవు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ఇద్దరు డిఫెన్స్ వాళ్ళు, బెంచి మీద తమ వంతు కోసం ఒక కాలు గోడ మీద వేసుకుని కూర్చున్నవాళ్ళు, అందరూ ఒకే చూపులో కనపడేది పైనుంచే.

రెండో పీరియడ్‌లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. జట్లు వైపులు మారతాయి, బెంచీలు మారవు. దాంతో మన గోల్ మన బెంచికి దూరమైపోతుంది. డిఫెన్స్‌లో ఇరుక్కున్న ఐదుగురికి బెంచి దాకా వచ్చి మారే సందు దొరకదు. నిమిషం దాటుతుంది. అవతలివాళ్ళు ఒక్కొక్కరుగా మారిపోయి తాజా కాళ్ళతో వస్తారు. మనవాళ్ళ నడుములు వంగిపోతాయి, కర్ర మోకాళ్ళకి అడ్డంగా పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటారు. మేం ఎప్పుడూ కూర్చునే చోటికి ముందు వరసలో ఒక పెద్దావిడ వస్తారు. ఒక చిన్న నోటుపుస్తకంలో రింక్ బొమ్మ గీసుకుని, ఎక్కడి నుంచి షాట్ కొడితే అక్కడ పెన్సిల్‌తో చుక్క పెడుతుంటారు. మనవాళ్ళు అలా ఇరుక్కున్నప్పుడు ఆవిడ పెన్సిల్ ముందే మన గోల్ దగ్గరకి వెళ్ళి, కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోతుంది. మా వాడు ఇప్పుడు స్కోర్‌బోర్డు కాదు, ఆ పెన్సిల్ చూస్తాడు.

సొంత గడ్డ మీద ఆడటం అంటే

హోమ్ మ్యాచ్ అంటే జనం మనవాళ్ళు కావడం మాత్రమే అనుకుంటారు చాలామంది. హాకీలో సొంత గడ్డకి రూల్ బుక్కులోనే ఒక హక్కు ఉంది. విజిల్ మోగి ఆట ఆగినప్పుడు బయటి ఊరి నుంచి వచ్చిన టీమ్ ముందుగా తన ఐదుగురిని దింపాలి. వాళ్ళెవరో చూసుకుని ఆ తర్వాత సొంత టీమ్ కోచ్ తనవాళ్ళని దింపుతాడు. ఎడ్మంటన్ తరఫున మెక్‌డేవిడ్ దిగాడంటే తన డిఫెన్స్ ఆటగాళ్ళు హీస్కనెన్‌నీ లిండెల్‌నీ దింపే వీలు డాలస్‌కి ఉంటుంది. అదే మ్యాచ్ ఎడ్మంటన్‌లో జరిగితే ఆ వీలు అవతలివాళ్ళది. ఏడాది పొడుగునా హోమ్ మ్యాచ్‌లలో ప్రతి విజిల్ తర్వాతా ఈ చిన్న చదరంగం నడుస్తుంటుంది. టీవీలో ఆ సమయంలో రీప్లేనో, ప్రకటనో, కోచ్ ముఖమో చూపిస్తారు. పైనుంచి చూస్తే రిఫరీ చెయ్యి ఎత్తడం, మన బెంచి మీద ఇద్దరు కూర్చోవడం, ఇద్దరు లేవడం స్పష్టంగా కనపడతాయి. అరీనాలో కూర్చుని చూడటానికి నాకు తెలిసిన అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. అరుపులు, లైట్లు, మ్యూజిక్ ఆ తర్వాత.

అరుపుల విషయంలోనూ డాలస్‌కి ఒక సొంత అలవాటుంది. జాతీయగీతం పాడేటప్పుడు నక్షత్రాల మాట రాగానే అరీనా అంతా ఒక్క గొంతుతో "స్టార్స్!" అని కేక పెడుతుంది. మొదట్లో నాకు అది మర్యాద కాదేమో అనిపించింది. ఇప్పుడు మా వాడితో పాటు నేనూ అరుస్తాను.

ఇంట్లో ఫ్రీగా వస్తుంటే

నా వాదనకి గట్టి జవాబు ఇక్కడుంది, దాన్ని దాటేసి పోలేను. 2024 నుంచి స్టార్స్ లోకల్ మ్యాచ్‌లు విక్టరీ ప్లస్ అనే యాప్‌లో ఉచితంగా వస్తున్నాయి. కేబుల్ అక్కర్లేదు, నెలనెలా చందా కట్టక్కర్లేదు. పార్కింగ్ ఖర్చు లేదు, రేపు పొద్దున బడి ఉందన్న బెంగ లేదు. రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట అయ్యేసరికి తొమ్మిదిన్నర, ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుపోతుంది. మాలాగా డాలస్‌కి ఉత్తరాన ప్లేనోలో ఉండేవాళ్ళు డార్ట్ అనే సిటీ రైల్లో వెళ్ళి విక్టరీ స్టేషన్‌లో దిగొచ్చు, కానీ తిరుగు ప్రయాణంలో పిల్లలు ఒళ్ళో నిద్రపోతారు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళకి, చంటిపిల్లలున్నవాళ్ళకి పై వరసలో కూర్చోమనే నా మాట ఎందుకూ పనికిరాదు. నాకు అది తెలుసు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఈ అరీనాలో ఈ మధ్య జరిగిన అన్నిటికన్నా గొప్ప రాత్రి నేను ఇంట్లోనే చూశాను. 2025 మే 3, ప్లేఆఫ్ సిరీస్‌లో కొలరాడోతో చివరిదైన ఏడో మ్యాచ్. గాయాలతో మన ముఖ్య ఆటగాళ్ళు రాబర్ట్‌సన్ లేడు, హీస్కనెన్ లేడు. మూడో పీరియడ్‌లో 0-2తో వెనకబడి ఉన్నారు. అప్పుడు మికో రాంటనెన్, అదే ఏడాది జనవరిలో కొలరాడో వదిలేసుకున్న మనిషి, ఒక్క పీరియడ్‌లో మూడు గోల్స్ కొట్టి 4-2తో గెలిపించాడు. ప్లేఆఫ్ టికెట్లు మా అందుబాటులో లేవు. సోఫాలో కూర్చుని ఏడ్చాను.

అయినా ఆ రాత్రి నాకు అంతలా తగిలింది టీవీ వల్ల కాదు. రాంటనెన్ బెంచికి వెళ్ళి ఎంత త్వరగా మళ్ళీ దిగుతున్నాడో, అతని కోసం మిగతావాళ్ళు ఐసు మీద తమ వంతులు ఎలా కుదించుకుంటున్నారో కెమెరా చూపించకపోయినా నేను లెక్క కట్టుకోగలిగాను. ఆ లెక్క పై వరసలోనే నేర్చుకున్నాను. ఫ్రీ యాప్ ఆట ఫలితాన్ని అందరి ఇళ్ళకీ చేరవేస్తోంది, మంచిదే. ఆటని చదవడం మాత్రం అది నేర్పదు. ముందు కొన్నిసార్లు వెళ్ళి చూస్తే ఆ తర్వాత టీవీ కూడా బాగుంటుంది.

కొట్లాట

ఎక్కడ కూర్చున్నా తప్పించుకోలేనిది ఇది. ఇద్దరు చేతి తొడుగులు విసిరేసి పిడిగుద్దులకి దిగుతారు, లైన్స్‌మెన్ వాళ్ళు కింద పడేదాకా ఆగుతారు, అరీనా అంతా లేచి నిలబడుతుంది. ఇద్దరికీ ఐదేసి నిమిషాల పెనాల్టీ, మళ్ళీ ఆట. "ఎవరూ ఆపరేం?" అని ఆ రోజు మామయ్యగారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆటలో భాగమంటారు, ఇంతకన్నా పెద్ద దెబ్బల్ని ఆపుతుందంటారు. నాకు నచ్చజెప్పలేకపోయారు ఎవరూ. డెరెక్ బూగార్డ్ అనే మనిషి దాదాపుగా ఇదే పని మీద ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే స్టార్స్ ఆడే ఈ లీగ్‌లోనే, బతికి 2011లో ఇరవై ఎనిమిదేళ్ళకే పోయాడు. తర్వాత పరీక్షిస్తే మెదడు దెబ్బల వల్ల వచ్చే జబ్బు బయటపడింది. కాలేజీ హాకీలో కొట్టుకుంటే మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తారు, అక్కడ ఆటకేమీ లోటు రాలేదు. ఎన్‌హెచ్‌ఎల్ కూడా ఆ పని చేయాలి. అప్పటిదాకా కొట్లాట మొదలైతే మేం ముగ్గురం లేవం. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఈ సంగతి ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్ళడం మంచిది.

పక్ వచ్చి తగులుతుందేమో అని భయపడేవాళ్ళకి ఒక మాట. 2002లో కొలంబస్‌లో మ్యాచ్ చూస్తూ పదమూడేళ్ళ అమ్మాయి పక్ తగిలి చనిపోయింది. ఆ తర్వాతే లీగ్ అన్ని అరీనాల్లోనూ గోల్స్ వెనక వలలు కట్టించింది.

మనది ఎలా అవుతుంది

గ్రూపులో ఒకరు నన్ను సూటిగానే అడిగారు: "అక్కా, ఇదంతా ఓ కంపెనీ. రేపు ఊరు మార్చేస్తారు. దానికి ఇంత ప్రేమ ఎందుకు?"

న్యాయమైన ప్రశ్న. అసలు ఈ టీమే ఇంకో ఊరి నుంచి తెచ్చింది. 1967 నుంచి మిన్నెసోటా నార్త్ స్టార్స్‌గా ఆడిన జట్టుని 1993లో యజమాని టెక్సస్‌కి తరలించాడు. మా పై వరసల నుంచి కప్పు కింద వేలాడే జెండాలు, పాత ఆటగాళ్ళ గౌరవార్థం వాళ్ళ పేరూ నంబరూ రాసినవి, బాగా దగ్గరగా కనపడతాయి. మొడానో 9, జుబోవ్ 56, లెటినెన్ 26 పక్కనే బిల్ మాస్టర్టన్ 19 ఉంటుంది. 1968లో ఐసు మీద పడి తలకి దెబ్బ తగిలి చనిపోయిన మిన్నెసోటా ఆటగాడాయన, డాలస్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆయన్ని గుర్తుంచుకున్న జనం ఒక చోట, జెండా ఇంకో చోట. మిన్నెసోటాకి తర్వాత వచ్చిన కొత్త టీమ్ వైల్డ్ ఇక్కడికి ఆడటానికి వచ్చినప్పుడు పాత నార్త్ స్టార్స్ జెర్సీలు వేసుకుని వచ్చేవాళ్ళని చూస్తే ఆ బాధ ఇంకా మానలేదని తెలుస్తుంది. ఇప్పుడు మన గోల్ కాసే ఓటింగర్ కూడా మిన్నెసోటా కుర్రాడే, ఆ టీమ్ వెళ్ళిపోయిన ఐదేళ్ళకి పుట్టినవాడు.

ఇదే అరీనాలో ఆడే బాస్కెట్‌బాల్ టీమ్ మావెరిక్స్ 2025 ఫిబ్రవరిలో తమ పెద్ద స్టార్ లూకా డాంచిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి ఇచ్చేసినప్పుడు మా వీధిలో పిల్లలు రెండు రోజులు సరిగా తిండి తినలేదు. అరీనా బయట జనం నిరసనలు చేశారు. మా పక్కింటాయన ఆ రోజు నుంచి ఏ ఆటా చూడనని ఒట్టు పెట్టుకున్నారు, ఇప్పటికీ మాట మీదున్నారు. ఆయన తప్పని నేను అనలేను. యజమానులు మనల్ని అడిగి ఏదీ చేయరు.

అందుకే నేను కొన్న టికెట్ యజమానుల మీద ప్రేమతో కొన్నది కాదు. పై వరసలో కూర్చునే వాళ్ళతో కలిసి కూర్చోవడానికి అది ప్రవేశం. మేం వచ్చి ఇన్నేళ్ళయినా ఈ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళంతా ఆఫీసు వాళ్ళు, గుడి వాళ్ళు, పిల్లల బడి వాళ్ళు. మనవాళ్ళ మధ్యే బతుకుతున్నాం. ఆ నోటుపుస్తకం ఆవిడా, ఆవిడ పక్కన కూర్చునే రిటైరైన రైల్వే మెకానిక్కూ, పక్‌ని ఊరికే అవతలి చివరకి కొట్టేసే ఐసింగ్ తప్పు జరిగిన ప్రతిసారీ విసుక్కునే కాలేజీ కుర్రాళ్ళూ మాకు ఇంకెక్కడా తగిలేవాళ్ళు కాదు. ఒక్కసారి వెళ్ళినవాళ్ళకి వీళ్ళు గుంపులో మనుషులు. మళ్ళీ మళ్ళీ వెళ్తే వాళ్ళ మోకాలి ఆపరేషన్ ఎలా అయిందో అడుగుతాం. వాళ్ళు మా వాడి స్కేటింగ్ క్లాసు గురించి అడుగుతారు. గ్లాస్ పక్కన కూర్చునేవాళ్ళు ప్రతి మ్యాచ్‌కీ మారిపోతుంటారు. పెద్ద మ్యాచ్‌లకి అరీనా అంతా కొత్త ముఖాలే. ఊరివాళ్ళు దొరికేది చిన్న మ్యాచ్‌లలో, పై వరసల్లో.

మన ముఖాలు అక్కడ తక్కువే, అది నిజం. 2024 జూన్‌లో గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించిన రోజు మనవాళ్ళ ఫోన్లన్నీ ఆ ఫొటోలతో నిండిపోయాయి. క్రికెట్ మన రక్తంలో ఉంది, ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ కెనడాలో పంజాబీలు మన దారిలో మనం పోదాం అనుకోలేదు. అక్కడ 2008లోనే ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లకి పంజాబీలో కామెంటరీ మొదలైంది. తెలుగులో కామెంటరీ రావాలని నేను పట్టుబట్టను. స్టార్స్ ప్రాక్టీస్ చేసేది ఫ్రిస్కోలో. మనవాళ్ళు ఇంతమంది ఉన్న ఊళ్ళో మన పిల్లలకి ఆ పేర్లు తెలియకపోవడం మాత్రం నాకు వెలితిగా ఉంటుంది.

ప్లేనోకి వస్తే

ఇప్పుడు ఆడే డాలస్ అరీనా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో స్టార్స్ లీజు 2031తో ముగుస్తుంది. ఆ తర్వాత ప్లేనోలో కొత్త అరీనా కట్టుకుంటారన్న మాట చాలాకాలంగా నడుస్తోంది. మా గ్రూపులో అందరికీ సంతోషమే. పదిహేను నిమిషాల్లో వెళ్ళి రావచ్చు, ఇళ్ళ ధరలు పెరుగుతాయి. నాకు రెండు భయాలున్నాయి. ఒకటి, రైలెక్కి వచ్చే డాలస్ దక్షిణం వైపువాళ్ళకి ప్లేనో చాలా దూరం. మా మెకానిక్‌గారు అటు నుంచే వస్తారు. రెండోది ఇంకా పెద్దది. ఇప్పుడు కట్టే అరీనాల్లో డబ్బంతా సూట్లు అనే ఖరీదైన గదుల్లో, క్లబ్బు సీట్లలో ఉంది. పై వరసలు తగ్గించి వాటిని పెంచుకోవాలని ఏ యజమానికైనా ఉంటుంది.

ఊరి డబ్బు ఒక్క డాలరు అందులో పడినా, అడగాల్సిన ప్రశ్నలు పార్కింగ్ గురించో ట్రాఫిక్ గురించో మాత్రమే కాదు. పైన ఎన్ని సీట్లు ఉంటాయి, ఐసుకి ఎంత ఎత్తులో ఉంటాయి, వాటిలో ఎన్నింటి ధర మామూలు మనిషి వారం మధ్యలో కట్టగలిగేలా ఉంటుంది, రాత్రి ఆట అయ్యాక దక్షిణానికి వెళ్ళే చివరి రైలు ఎప్పుడు. కౌన్సిల్ సమావేశంలో ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చంటే నేను పేరిచ్చి నిలబడతాను. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసిపెట్టాను. ఇంకేమైనా చేర్చాలంటే చెప్పండి, చేరుస్తాను.